‘కె.జి.ఎఫ్.’కు ముందు యశ్ ఎవరు? సీరియల్ నటుడు అగ్రతారగా ఎలా ఎదిగారు?

2018లో ‘కె.జి.ఎఫ్.’ తెలుగు అనువాదంతోనే యశ్‌ను తొలిసారి చూసిన మనకు, ఆయన ఒక్క చిత్రంతో తారగా మారినట్లు అనిపించడం సహజమే. కానీ అప్పటికి ఆయన కన్నడ పరిశ్రమలో పదేళ్లకు పైగా పనిచేశారు.

హాసన్ జిల్లాలో బస్సు డ్రైవరు కుమారుడిగా పుట్టి మైసూరులో పెరిగిన యశ్, నటన మీద మక్కువతో బెంగళూరు చేరి, మొదట నాటక బృందంలో తెరవెనుక పనులు చేశారు. ఆ తర్వాత ‘నంద గోకుల’ వంటి సీరియళ్లు ఆయనను కన్నడ ఇళ్లకు పరిచయం చేశాయి. అందులో తోటి నటి రాధికా పండిత్. 2008లో ‘మొగ్గిన మనసు’ సినిమాలోనూ ఇద్దరూ కనిపించారు, 2016లో పెళ్లి చేసుకున్నారు.

అసలు గమనించవలసిన దశ సీరియళ్ల తర్వాత సినిమాల్లోకి వచ్చినప్పటిదని నా అభిప్రాయం. సీరియల్ ముఖం ఇంట్లో ఉచితంగా కనిపిస్తుంది కనుక, అదే ముఖానికి టికెట్టు కొనేలా ప్రేక్షకుణ్ని ఒప్పించడం కష్టం. యశ్ ఆ పనిని ‘కిరాతక’ (2011)లోని పల్లెటూరి కుర్రవాడి పాత్రతో, ‘గూగ్లీ’ (2013)తో, ‘మిస్టర్ అండ్ మిసెస్ రామాచారి’ (2014) ఘనవిజయంతో మెట్టుమెట్టుగా సాధించారు. సొంత రాష్ట్రంలో సంపాదించిన ఆ మార్కెట్టే, దర్శకుడు ప్రశాంత్ నీల్ ఊహించిన భారీ చిత్రం ‘కె.జి.ఎఫ్.’పై నిర్మాతలు ధైర్యంగా పెట్టుబడి పెట్టడానికి ఆధారమైంది.