పాదాల వైద్యంలో సర్కారు కొలువు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: ఇంటర్ బైపీసీ పూర్తయింది. సుగర్ వల్ల మా నాన్నగారి కాలి వేలు తీసేశారు. పాదాల వైద్యం చదివి మన జిల్లా ప్రభుత్వాసుపత్రిలోనే పనిచేయాలని ఉంది. పోడియాట్రిస్ట్ అవ్వాలంటే ఎందులో చేరాలి?
– ఒక పాఠకురాలు, నరసన్నపేట

జవాబు: అమ్మా, పోడియాట్రిస్ట్ అనే పేరుతో నోటిఫికేషన్ పడుతుందని నమ్ముకుని చదువు ఎంచుకోవద్దు. 2021 నాటి అలైడ్ హెల్త్ చట్టం జాబితాలో ఆ వృత్తి పేరు ఉంది. కానీ మన దగ్గర పాదం పని ఇప్పటికీ వేరే పేర్ల ఉద్యోగాల్లోనే జరుగుతోంది. కాబట్టి కొలువు తెచ్చే డిగ్రీ ముందు, పాదం మీద ప్రత్యేక శిక్షణ ఆ తర్వాత.

జిల్లా వదలకూడదనుకుంటే మా ఓటు నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్‌కే. పుండు పడక ముందే పాదాన్ని చూసే అవకాశం నర్సుకే ఎక్కువ. విలేజ్ హెల్త్ క్లినిక్ నుంచి జిల్లా ఆసుపత్రి డ్రెస్సింగ్ గది దాకా ఆమే ఉంటుంది.

చేతిపని మీద ఇష్టముంటే బి.పి.ఓ., అంటే ప్రాస్థెటిక్స్ అండ్ ఆర్థోటిక్స్ డిగ్రీ. ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగున్నరేళ్లు. కృత్రిమ కాలు, పుండు మీద బరువు పడనివ్వని చెప్పు, లోపలి మెత్త తయారు చేయడం ఇందులో నేర్పుతారు. మనకు దగ్గరలో ఉన్న జాతీయ సంస్థ కటక్ పక్కన ఓలట్‌పూర్‌లోని ఎస్.వి.నిర్తార్, శ్రీకాకుళం రోడ్‌లో రైలెక్కితే నేరుగా కటక్‌లో దిగవచ్చు. చదువయ్యాక రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో రిజిస్టర్ కావాలి. ఏ కాలేజీలో చేరినా కోర్సుకు ఆ కౌన్సిల్ గుర్తింపు ఉందో లేదో ఫీజు కట్టక ముందే చూసుకోండి.

మూడు నెలల ఆన్‌లైన్ సర్టిఫికెట్‌తో పాదం మీద బ్లేడు పెట్టే అర్హత రాదు. ఇది గట్టిగా గుర్తుంచుకోండి. రక్తప్రసరణ చూసుకోకుండా ఆనెకాయ కోస్తే ఆ గాటే మానని పుండవుతుంది.

ప్రశ్న: విలేజ్ హెల్త్ క్లినిక్‌లో ఎం.ఎల్.హెచ్.పి. (మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్)గా చేస్తున్నాను. సుగర్ ఉన్నవారి పాదాలు పద్ధతిగా చూడటం ఎలా?
– చీపురుపల్లి దగ్గర నుంచి

జవాబు: 10 గ్రాముల మోనోఫిలమెంట్ (అంత ఒత్తిడికి వంగే సన్నని నైలాన్ తీగ), అదురు తెలుస్తోందో లేదో చూసే 128 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్క్, మంచి వెలుతురు ఉంటే చాలు.

రెండు చెప్పులూ విప్పించండి. ముందు చెప్పులే చూడండి: లోపలికి దిగిన మేకు, ఇరుక్కున్న రాయి, ఒకవైపే అరిగిన అట్ట. నడుస్తుండగా చెప్పు జారిపోయినా తెలియడం లేదా అని అడగండి. అవునంటే స్పర్శ పోయిందని అనుమానించాలి. వేళ్ల సందులు విడదీసి చూడండి. ఆనెకాయ ఉంటే అక్కడ బరువు ఎక్కువ పడుతోందని అర్థం. దాని కిందే పుండు దాగి ఉండొచ్చు. పాదం పైన, లోపలి చీలమండ వెనుక నాడి పట్టి చూడండి.

ఇక మోనోఫిలమెంట్. మొదట చేతి మీద తాకించి ఎలా ఉంటుందో తెలియజెప్పండి, తర్వాత కళ్లు మూయించండి. బొటనవేలి అడుగున, బొటనవేలు, చిటికెనవేలు మొదళ్ల కింది ఉబ్బుల మీద నిటారుగా పెట్టి, తీగ వంగేదాకా నొక్కి, రెండు సెకన్లలోపే తీసేయాలి. ఒక్కో చోట మూడుసార్లు అడగాలి, అందులో ఒకసారి తాకకుండానే. మూడింటిలో రెండు సరిగ్గా చెబితే అక్కడ స్పర్శ ఉన్నట్టు.

తప్పులు ఇక్కడే జరుగుతాయి. ఆనెకాయ మీద పెడితే స్పర్శ ఉన్నా లేదని వస్తుంది. తాకిన ప్రతిసారీ మాత్రమే "తగిలిందా?" అంటే పెద్దవాళ్లు మొహమాటానికి అవునంటారు. ఒకే తీగతో వరసగా పదిమందిని మించి చూస్తే అది మెత్తబడుతుంది. రోజంతా పక్కన పెట్టి వాడాలి.

స్పర్శా రక్తప్రసరణా బాగుంటే ఏడాదికోసారి చూడండి. ఏదో ఒకటి లోపిస్తే 6 నుంచి 12 నెలలకు, రెండూ లోపించినా, ఒకటి లోపించి పాదం ఆకారం మారినా 3 నుంచి 6 నెలలకు. ఒకటైనా లోపించి, గతంలో పుండు పడినా, వేలు తీసేసినా, కిడ్నీలు పూర్తిగా చెడినా 1 నుంచి 3 నెలలకే. ఉద్దానం వైపు పనిచేసేవారికి ఈ చివరిమాట ముఖ్యం. అక్కడ సుగర్ లేకుండానే కిడ్నీ జబ్బు వచ్చినవారు చాలామంది, కనుక డయాలసిస్ అనగానే స్పర్శ పోయిందనుకోవద్దు, పరీక్షించే తేల్చండి.

పాదం ఎర్రగా వాచి, రెండోదానికంటే వేడిగా ఉండి, నొప్పి అంతగా లేదంటే ఆ రోజే పెద్దాసుపత్రికి పంపండి. అది షార్కో పాదం, అంటే స్పర్శ పోయిన పాదంలో ఎముకలు, కీళ్లు దెబ్బతినే జబ్బు కావచ్చు. మొదట్లో ఎక్స్‌రే మామూలుగానే ఉండొచ్చు. చీము అనుకుని మాత్రలిచ్చి నడవనిస్తే లోపలి ఎముకలు కుంగి పాదం వంపు కూలిపోతుంది.

ప్రశ్న: బి.పి.టి. (ఫిజియోథెరపీ డిగ్రీ) చేశాను. బ్రిటన్ ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌.హెచ్‌.ఎస్‌.లో పోడియాట్రిస్ట్‌గా చేరొచ్చా?
– బొబ్బిలి పాఠకుడు

జవాబు: మీ డిగ్రీతో కుదరదు. అక్కడ ఆ పేరుకు చట్టరక్షణ ఉంది, ఆరోగ్య వృత్తులవారిని నమోదు చేసే సంస్థ అయిన హెచ్‌.సి.పి.సి. రిజిస్టర్‌లో లేనివారు వాడుకోకూడదు. ఫిజియోథెరపీ ఆ రిజిస్టర్‌లో వేరే విభాగం. పోడియాట్రీ కావాలంటే ఇంగ్లండ్‌లో మూడేళ్ల, స్కాట్లాండ్‌లో నాలుగేళ్ల డిగ్రీ గానీ, డిగ్రీ ఉన్నవారికి రెండేళ్ల ఎమ్మెస్సీ గానీ చదవాలి. చదువయ్యాక బ్యాండ్ 5 అనే జీతం మెట్టులో మొదలవుతారు. ఫిజియోథెరపిస్టుగానే రిజిస్టర్ కావడం మీకు దగ్గరి దారి.

ప్రశ్న: పాదాల పని అంటే సుగరేనా? మా ఊళ్లో బోదకాలు వాళ్లే ఎక్కువ.
– మందస నుంచి

జవాబు: మంచి మాట అడిగారు. కుష్టు, బోదకాలు కార్యక్రమాల్లో పాదాల సంరక్షణ ఎప్పటి నుంచో ఉంది. స్పర్శ పోయిన కుష్టు రోగులకు ఎం.సి.ఆర్. చెప్పులు ఉచితంగా ఇస్తారు: లోపల మెత్తని మైక్రో సెల్యులార్ రబ్బరు, కింద గట్టి అట్ట, మడమ వెనుక పట్టీ. మేకులు ఉండకూడదు. ఈ పని దగ్గరగా చూడాలంటే సాలూరు ఫిలడెల్ఫియా కుష్టు ఆసుపత్రి ఉంది.

ఒక జబ్బుకు నేర్చుకున్నది ఇంకోదానికి వాడొద్దు. కుష్టులో చెమట పట్టక ఎండిపోయిన పాదాన్ని, తెరిచిన పుండు లేకపోతే, రోజూ 20 నిమిషాలు మామూలు నీళ్లలో నానబెట్టి, గరుకు రాయితో రుద్ది, తడి ఆరకముందే నూనె రాయమంటాం. సుగర్ పాదాన్ని నానబెట్టకూడదు; కడిగి వేళ్ల సందులు పొడిగా తుడవాలి. బోదకాలును సబ్బుతో రోజూ కడిగి, మడతల్లో తడి లేకుండా గుడ్డతో అద్ది, కాలు ఎత్తున పెట్టుకోవాలి. వేళ్ల సందుల్లో చిన్న పగులున్నా మందు రాయాలి. జ్వరంతో కాలు వాచేది ఆ పగులు నుంచి దూరిన క్రిముల వల్లే. జ్వరం ఉన్న రోజుల్లో కాలి వ్యాయామాలు ఆపించండి.