రంగు గుడ్ల కోడి కొనే ముందు బాతుల్ని వేరు చేయండి

ప్రశ్న: మాది విశాఖపట్నం జిల్లా ఆనందపురం మండలం. జీడితోటలో 45 గ్రామప్రియ పెట్టలు పెంచుతున్నాను, వయసు ఎనిమిది నెలలు. గుడ్లు మొదట్లో మంచి గోధుమ రంగులో వచ్చేవి, విశాఖలో ఎంవీపీ కాలనీ వైపు నాటు గుడ్ల ధరకే పోయేవి. మూడు వారాలుగా గుడ్లు తెల్లబారిపోయాయి. రోజుకు నాలుగైదు తోలుగుడ్లు (పెంకు లేకుండా మెత్తటి పొరతో పడేవి), పెంకు పలచబడి చేతిలోనే చితికేవి మరో నాలుగు. మొత్తం గుడ్లు కూడా 30 నుంచి 19కి పడిపోయాయి. కోళ్లు మాత్రం హుషారుగానే తిరుగుతున్నాయి, దాణా తింటున్నాయి. జాతి చెడిపోయిందని మందుల డీలరు అంటున్నాడు. లిక్విడ్ కాల్షియం, టెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్ పొడి ఇచ్చి ఏడు రోజులు నీటిలో కలపమన్నాడు. నీలం, ఆకుపచ్చ గుడ్లు పెట్టే జాతి పిల్లలు ఒక్కొక్కటి రూ.350కి తెప్పిస్తానని కూడా చెబుతున్నాడు. తీసుకోవచ్చా? ఏ జాతి అయితే రంగు నిలుస్తుంది? తోటలో చిన్న గుంట ఉంది, అందులో ఆరు బాతులు కూడా ఉన్నాయి. పిల్లలప్పుడు కొక్కెర తెగులుకు లసోటా టీకా చుక్కలు ఒకసారి వేయించాను.

జవాబు: జాతి చెడలేదు. గ్రామప్రియ పెట్ట ఎనిమిదో నెలలో జాతి మార్చుకోదు. పెంకు రంగు పుట్టుకతోనే ఖాయమవుతుంది. వయసు పెరిగి గుడ్డు పెద్దదయ్యే కొద్దీ రంగు కాస్త పలచబడటం మామూలే కానీ అది నెలల మీద జరిగేది. మూడు వారాల్లో తెల్లబారడం, దాంతోపాటే తోలుగుడ్లు పడటం, కోడి మాత్రం చెక్కుచెదరకుండా ఉండటం, ఈ మూడూ కలిసి వస్తే అది రోగమే. ఇప్పుడు కొత్త పిల్లల్ని తెచ్చి అదే తోటలో వదిలితే ఆరు నెలల తర్వాత వాటి గుడ్లూ ఇలాగే తెల్లబారతాయి.

మీరు ఉత్తరం చివర్లో రాసిన బాతులే ఇక్కడ అసలు సంగతి. నా అనుమానం ఎగ్ డ్రాప్ సిండ్రోమ్, వాడుకలో ఈడీఎస్-76. దీన్ని 1976లో గుర్తించారు, పేరులోని అంకె అదే. ఈ వైరస్ సహజంగా బాతుల్లో, పెద్దబాతుల్లో ఉంటుంది. వాటికి ఏమీ కాదు. వాటి రెట్ట పడిన నీళ్లు తాగిన కోళ్లలో ఇది పెంకు తయారయ్యే సంచి మీద పడుతుంది. మొదట పోయేది పెంకు రంగే. ఆ వెనకే పెంకు పలచబడి, గరుకుగా మారి, చివరికి తోలుగుడ్డు అవుతుంది. గుడ్లు బాగా పెట్టే 26–35 వారాల మధ్యే బయటపడుతుంది. మీ పెట్టలు సరిగ్గా ఆ వయసులోనే ఉన్నాయి.

గోధుమ రంగు గుడ్డుకే ఇది ముందు ఎందుకు కనిపిస్తుందో మీరే చూడొచ్చు. మంచి రంగున్న పాత గుడ్డు ఒకటి ఉంటే వెనిగర్‌లో రెండు నిమిషాలు ఉంచి బొటనవేలితో రుద్దండి. రంగు పొరలా ఊడి, కింద తెల్లటి పెంకు బయటపడుతుంది. పగలగొట్టి లోపలి పలుచటి పొర ఒలిచి చూసినా లోపలివైపు తెలుపే. గుడ్డు తయారవడానికి పట్టే 24–26 గంటల్లో దాదాపు 20 గంటలు పెంకు కట్టడానికే పోతాయి. ఆ గోధుమ రంగు చివరి కొద్ది గంటల్లో మీద పూసే పూత. పెంకు సంచికి దెబ్బ తగిలితే ముందు ఆగేది ఆ పూతే. తెల్లగుడ్ల ఫారాల్లో ఈ హెచ్చరిక కంటికి కనబడదు, తోలుగుడ్లు పడ్డాకే తెలుస్తుంది.

ఇంకో మూడు అనుమానాలు తీర్చుకోండి. రోజూ పెట్టే గుడ్లలో రెండింటిని పళ్లెంలో కొట్టి చూడండి. తెల్లసొన దట్టంగా నిలబడకుండా నీళ్లలా పారిపోతుంటే, రాత్రిపూట కోళ్లు తుమ్ముతూ గురక పెడుతుంటే అది ఇన్ఫెక్షియస్ బ్రాంకైటిస్ అనే శ్వాస రోగం కావచ్చు. ఆకుపచ్చ రెట్ట, మెడ తిప్పడం, చావులు కనిపిస్తే కొక్కెర తెగులు. మూడోది దాణా. మిగిలిన బ్రాయిలర్ దాణా ఏమైనా కలిపి పెట్టారా? బ్రాయిలర్ దాణాల్లో రక్తపారుడు రాకుండా నికార్బజిన్ అనే మందు కలుపుతుంటారు. అది తిన్న పెట్ట ఒకటి రెండు రోజుల్లోనే వెలిసిపోయిన గుడ్డు పెడుతుంది, ఆపితే వారంలో రంగు తిరిగొస్తుంది. అయితే దాని వల్ల ఇన్ని తోలుగుడ్లు రావు.

రోగ నిర్ధారణకు 8–10 పెట్టల రక్త నమూనాలు చాలు. పశువైద్యశాల ద్వారా పశువ్యాధి నిర్ధారణ ప్రయోగశాలకు పంపించండి. మీ కోళ్లకు ఈడీఎస్ టీకా పడలేదు కనుక రక్తంలో దాని యాంటీబాడీలు కనిపిస్తే విషయం తేలినట్టే. రక్తం తీసేటప్పుడు కోడికో సూది వాడమని చెప్పండి, ఒకే సూది అందరికీ తిప్పితే దానితోనే వైరస్ పాకుతుంది.

దీనికి మందు లేదు. డీలరు ఇచ్చిన టెట్రాసైక్లిన్ వైరస్ మీద పనిచేయదు. పైగా దాన్నీ కాల్షియాన్నీ ఒకే నీటిలో కలపమన్నాడంటే ఆయనకు ఆ పొడి గురించి ఏమీ తెలియదన్నమాట. కాల్షియం టెట్రాసైక్లిన్‌ను పట్టేసుకుంటుంది, రెండూ ఒంటికి పట్టవు. పోయేది మీ డబ్బు. దానికి తోడు ఆ ఏడు రోజుల గుడ్లూ, ఆపిన తర్వాత డబ్బా మీద రాసి ఉన్న గడువు వరకు వచ్చే గుడ్లూ అమ్మకూడదు. ఈ సంగతి ఆయన చెప్పాడా? మొదలుపెట్టి ఉంటే ఈ రోజే ఆపేయండి. గుడ్డు రంగు తగ్గిందంటే యాంటీబయాటిక్ చేతిలో పెట్టడం విశాఖ చుట్టుపక్కల రివాజైపోయింది.

ఇప్పుడు చేయాల్సింది బాతుల్ని విడదీయడం. గుంట చుట్టూ వల కట్టి కోళ్లను అటు పోనివ్వకండి. లేదా బాతుల్నే అమ్మేయండి, నేనైతే అదే చెబుతాను. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ చూశాక కూడా కోడినీ బాతునూ ఒకే నీళ్లలో ఉంచడం తెలివైన పని కాదు. కోళ్లకు బోరు నీళ్లే పెట్టండి. 1000 లీటర్లకు 6 గ్రాముల తాజా బ్లీచింగ్ పౌడరు కలిపి, గంట ఆగి తొట్లలో పోయండి. కట్ట విప్పి నెలల తరబడి మూల పడేసిన బ్లీచింగ్‌లో క్లోరిన్ మిగలదు, సున్నమే మిగులుతుంది.

పెంకు కోసం ఆల్చిప్పల గ్రిట్ (కొట్టిన పలుకులు) విడిగా ఒక తొట్లో సాయంత్రం పూట పెట్టండి, పెట్టకు 4–5 గ్రాములు, అంటే మీ 45కీ కలిపి రోజుకు 200 గ్రాములు. సాయంత్రమే ఎందుకంటే పెంకు కట్టేది ఎక్కువగా రాత్రి. భీమిలి తీరంలో ఏరుకొచ్చే గుల్లలైతే రెండు రోజులు మంచినీళ్లలో నానబెట్టి, నీళ్లు మూడు నాలుగు సార్లు మార్చి, ఉప్పు పోయాక ఎండబెట్టి కొట్టండి. ఉప్పు ఎక్కువైతే రెట్ట నీళ్లలా పోతుంది, పెంకు ఇంకా పలచబడుతుంది. పలుకులు కందిగింజలో సగం ఉండాలి. పిండిలా దంచితే త్వరగా కడుపు దాటిపోతుంది, తెల్లవారుజామున పెంకుకు అందదు. తోటలో మేసి వచ్చే పెట్టకు దీంతోపాటు సాయంత్రం 50–60 గ్రాముల లేయర్ దాణా సరిపోతుంది. గ్రిట్ రోగాన్ని తగ్గించదు, ఉన్న పెంకును కాస్త నిలబెడుతుంది.

ఆరు నుంచి పది వారాల్లో గుడ్లు చాలావరకు కుదురుకుంటాయి. తొందరపడి పెట్టల్ని కోతకు అమ్మేయకండి. పెంకు గట్టిగా ఉన్న గుడ్లను తినొచ్చు, అమ్మొచ్చు, ఈ వైరస్ మనుషులకు రాదు. పొదిగించడానికి మాత్రం ఒక్క గుడ్డూ వాడొద్దు. తల్లి నుంచి గుడ్డు ద్వారా పిల్లకు దిగే వైరస్ ఇది. పిల్లలో కదలకుండా ఉండి, అది గుడ్లకు వచ్చినప్పుడు మళ్లీ లేస్తుంది. పొరుగు రైతుకు పొదుగు గుడ్లు ఇస్తే రోగం ఇచ్చినట్టే. మీ గుడ్ల ట్రేలు కూడా పక్కవాళ్లవి కలపకండి.

ఇక జాతి. ముందు నీలం గుడ్ల బేరం సంగతి. నీలం గుడ్లు పెట్టే కోళ్లు ఉన్నాయి, అబద్ధం కాదు. చిలీ దేశపు అరౌకానా, దాని నుంచి వచ్చిన అమెరౌకానా, క్రీమ్ లెగ్‌బార్ ఆ కోవలోవి. వాటి పెంకులో నీలం పైపూత కాదు, పెంకు మందమంతా ఉంటుంది. నీలం మీద గోధుమ పూత పడితే ఆకుపచ్చ గుడ్డు. అందుకే డీలరుతో వాదించకుండా ఒక్కటే అడగండి: "నీ తల్లి కోళ్లు పెట్టిన గుడ్డొకటి నా ముందు పగలగొట్టు." లోపలి పొర ఒలిచాక నీలం కనబడాలి. తెల్లగా ఉంటే అది రంగు పూసిన గుడ్డు.

గుడ్డు నిజమైనదే అయినా లెక్క సరిపడదు. నీలం గుణం ఒక్క తల్లిదండ్రి నుంచి వచ్చినా పనిచేస్తుంది. బయట తిరిగేవి చాలావరకు ఇలా సగం గుణం ఉన్న సంకరాలు. అలాంటి దాన్ని గోధుమ గుడ్ల కోడితో కలిపితే పుట్టే పెట్టల్లో సగానికే రంగు వస్తుంది. మీరు 20 పిల్లలు రూ.7,000 పెట్టి కొన్నారనుకోండి. అందులో పది పుంజులు. మిగిలిన పది పెట్టల్లో ఐదు ఆకుపచ్చవి పెడితే అదృష్టం. పెట్టకు రూ.1,400 పడిందన్నమాట, అన్నీ బతికితే. విదేశీ జాతుల్ని అనుమతి, క్వారంటైన్ లేకుండా తేకూడదు, కాబట్టి ఫోన్లో ఫొటో చూపించి అమ్మేవాడి దగ్గర వాటి వంశం కాగితం ఉండదు, టీకాల కాగితం అసలే ఉండదు. సరదాకు రెండు పెంచుకుంటానంటే మీ ఇష్టం. వ్యాపారానికైతే వద్దు.

చెవి తమ్మె తెల్లగా ఉంటే తెల్లగుడ్డు, ఎర్రగా ఉంటే గోధుమ గుడ్డు అని సంతల్లో చెప్పే గుర్తు చాలా జాతుల్లో నిజమే, కానీ నీలం గుడ్ల కోళ్లకు పనికిరాదు. కడక్‌నాథ్ నల్లగుడ్డు పెడుతుందనేది పచ్చి అబద్ధం. దాని మాంసం నలుపు, గుడ్డు లేత గోధుమ. మన పందెం కోళ్ల అసిల్ గుడ్డు కూడా లేత మీగడ రంగే, పైగా ఏడాదికి కొద్ది గుడ్లే. గుడ్ల కోసం ఈ రెండూ పెట్టుకుంటే దాణా ఖర్చూ రాదు.

మీ అవసరానికి గ్రామప్రియే సరైనది, మార్చకండి. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన డైరెక్టరేట్ దీన్ని గుడ్ల కోసమే రూపొందించింది. పెరట్లో ఏడాదికి 160–180 గోధుమ గుడ్లు పెడుతుంది. అక్కడిదే వనరాజా 100–110 దగ్గర ఆగుతుంది, ఒళ్లు బరువు, పుంజులు మాంసానికి బాగుంటాయి. మార్పు కావాలనుకుంటే శ్రీనిధి చూడండి. భువనేశ్వర్‌లోని కేంద్ర కోళ్ల అభివృద్ధి సంస్థ కళింగ బ్రౌన్ కూడా గోధుమ గుడ్లదే, మీకు రాత్రి రైలు దూరం. వాణిజ్య బ్రౌన్ లేయర్లు ఇంకా ఎక్కువ పెడతాయి కానీ వాటికి రోజుకు 110 గ్రాముల దాణా చేతితో పోయాలి, జీడితోటలో తిప్పి పెంచే కోడి కాదది. ఒకటి గుర్తుంచుకోండి. గ్రామప్రియ, వనరాజా సంకరాలు. వాటి గుడ్లు పొదిగించి వచ్చిన పిల్లలు తల్లిలా పెట్టవు. ప్రతిసారీ పిల్లలు కొత్తగా తెచ్చుకోవాల్సిందే.

కొత్త బ్యాచ్ జనవరి చివర లేదా ఫిబ్రవరి మొదట్లో దింపండి. పిల్లలకు వెచ్చదనం ఇచ్చే బ్రూడింగ్ ఎండలకు ముందే అయిపోతుంది, జులై–ఆగస్టుకు గుడ్లకొస్తాయి. కార్తీకంలో మీ పట్నం గిరాకీ ఎలాగూ తగ్గుతుంది, ఆలోపు మూడు నెలల అమ్మకం దక్కుతుంది. పాత షెడ్డులో మాత్రం పెట్టకండి. పెట్టాల్సివస్తే ఎరువు తీసేసి, కడిగి, 2 శాతం ఫార్మలిన్ కొట్టి, సున్నం వేసి మూడు వారాలు ఖాళీగా ఉంచండి.

అసలు తప్పు టీకాల దగ్గర జరిగింది. పిల్లలప్పుడు ఒక్కసారి లసోటా వేయించి ఎనిమిది నెలలు ఊరుకున్నారు. అది కొన్ని వారాల కాపుదలే. ఈసారి ఇలా వేయించండి: హేచరీలోనే మొదటిరోజు మారెక్స్ టీకా వేసినట్టు బిల్లు మీద రాయించుకోండి. 5–7 రోజులకు లసోటా, కంట్లో చుక్క. 14వ రోజు గంబోరో వ్యాధికి చుక్క. 28వ రోజు మళ్లీ లసోటా. ఆరేడు వారాలకు రెక్క పొరలో మశూచి టీకా. 8–10 వారాల మధ్య కొక్కెర తెగులుకు ఆర్2బి, చర్మం కింద 0.5 మి.లీ., దానికి వారం ముందు నట్టల మందు. ఆ తర్వాత 14–16 వారాల మధ్య, అంటే గుడ్లకు రాకముందే, ఈడీఎస్ ఉన్న నూనె టీకా 0.5 మి.లీ. మీరు వదిలేసింది ఇదే. గుడ్లు మొదలయ్యాక పరుగెత్తితే ఉపయోగం లేదు.

లసోటా నీళ్లలో ఇచ్చేటట్టయితే ఆ రోజూ ముందు రోజూ బ్లీచింగ్ ఆపి, లీటరుకు 5 గ్రాముల వెన్న తీసిన పాలపొడి కలపండి. సీసా కలిపాక రెండు గంటల్లో అయిపోవాలి. ఐస్ వేసిన ఫ్లాస్కులోనే ఇంటికి తెచ్చుకోండి, స్కూటర్ డిక్కీలో పెట్టుకొచ్చిన టీకాకు ప్రాణం ఉండదు. నూనె టీకాను మాత్రం ఐసు మీద గడ్డకట్టించకండి, వేసేముందు చేతిలో పట్టుకుని మామూలు వేడికి తెచ్చి కుదపండి. సీసాలు వందల డోసుల్లో వస్తాయి, 45 కోళ్లకు ఎవరు కొంటారని డీలరు అంటాడు. మీ ఊళ్లో పెరటి కోళ్లున్న నలుగురైదుగురు కలిసి ఒకే తేదీ పెట్టుకుని, రైతు సేవా కేంద్రంలో పశుసంవర్ధక సహాయకుడికి వారం ముందే చెప్పండి.