అరుగు కింద మునిగిన మెట్లు

ప్రశ్న: మాది కోనసీమలో కాలువ గట్టున ఉన్న ఊరు. ఒకప్పుడు వీధి పొడవునా పెంకుటిళ్లు, మండువా లోగిళ్లు ఉండేవి. ఇప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. కొత్తగా కట్టే ఇళ్లకు కొన్ని మార్గదర్శకాలు రాసి గ్రామసభ ముందు పెట్టాలనుకుంటున్నాము. పెంకు కప్పు తప్పనిసరి చేయాలని పెద్దలు, ఎవరి ఇల్లు వారి ఇష్టమని యువకులు పట్టుబడుతున్నారు. దేనితో మొదలుపెట్టమంటారు?

జవాబు: పెంకు కప్పును తప్పనిసరి చేయవద్దనే నా సలహా. పెంకుటిల్లంటే నాకూ ప్రాణమే. కానీ 1996 నవంబరు 6న కోనసీమ మీద విరుచుకుపడిన తుపానులో ఇంటి కప్పు ఎగిరిపోవడం కళ్లారా చూసిన కుటుంబం శ్లాబు కావాలనుకుంటే, దాన్ని మోజు అనడం అన్యాయం. పైగా వానలకు ముందు పెంకు తిరగనేసే పనివారు దొరకడం కష్టమైంది, దూలాలకూ వాసాలకూ కావలసిన కలప కొనడం సామాన్యుల తరం కాకుండా పోయింది, కోతులు కప్పెక్కిన ఊళ్లలో ఒక్క పెంకూ నిలవడం లేదు. కుటుంబం మోయలేని నియమం పెడితే ఆ ఇల్లు బాగుపడదు. తాళం పడి, రెండు మూడు వర్షాకాలాల్లో కూలిపోతుంది.

ఊరి రూపు కప్పులో కన్నా, ఇల్లు వీధిని తాకే చోట ఎక్కువగా ఉంటుంది. వీధి వైపు అరుగు, అరుగు మీద నీడ, నడుమెత్తు ప్రహరీ, దాని మీదుగా కనిపించే పెరటి కొబ్బరిచెట్లు, మనుషుల పలకరింపులు: ఇవి ఉన్నంత కాలం కప్పు శ్లాబైనా అది మీ వీధిగానే ఉంటుంది. ఇవి పోయి ఆరడుగుల గోడలూ ఇనుప గేట్లూ వరుసగా లేస్తే, లోపల ఎంత అందమైన పెంకుటిల్లు ఉన్నా అది దారిన పోయేవారికి లేనట్టే. అందువల్ల మీ మార్గదర్శకాలు ఈ అంచును గట్టిగా పట్టుకోవాలి, గోడల లోపలి సంగతి ఇంటివారికి వదిలేయాలి.

నేను దగ్గరగా చూసిన ఒక ఇంటి సంగతి చెబుతాను. కట్టిన నాడు ఆ ఇంటి అరుగు ఎక్కడానికి మూడు మెట్లు ఉండేవి. సిమెంటు రోడ్డు వేసిన ప్రతిసారీ పాతదాన్ని తవ్వకుండా దాని మీదే కొత్తది పోశారు. ఒక మెట్టు మునిగింది, తర్వాత రెండోది మునిగింది. మండువాలో, అంటే ఇంటి నడుమ కప్పు లేని చోట, పడిన వాన నీటిని వీధి కాలువలోకి వదిలే తూము రోడ్డు మట్టానికి దిగువన పడిపోయింది. చివరికి ఒక శ్రావణంలో వీధి నీరే ఆ తూము గుండా ఎదురెక్కి మండువాలో మోకాలి లోతున నిలిచింది. మరుసటి వేసవిలో ఆ ఇంటిని పడగొట్టారు. కొత్త ఇంటివారు భయంతో నాలుగడుగుల ఎత్తున పునాది లేపి, బండి ఎక్కడానికి కాలువ మీదుగా సిమెంటు వాలు పోశారు; దాంతో కాలువ మూసుకుపోయి, నీరు పక్కింటికి మళ్లింది. పాత ఇళ్లు పోవడానికి కొత్త మోజే కారణమని మనం తేలికగా అనేస్తాము కానీ, ఆ వీధిలో ఇళ్లను ముంచింది రోడ్డు.

కాబట్టి మీ పత్రంలో మొదటి వాక్యం ఇళ్ల గురించి కాక రోడ్డు గురించి ఉండాలి: కొత్త రోడ్డు వేసే ముందు పాతదాన్ని తవ్వి తీయాలి, వీధిలోని అన్నిటికన్నా పల్లపు తూము కన్నా రోడ్డూ కాలువా దిగువనే ఉండాలి. పంచాయతీలకు అప్పగించదగిన పనులను చెప్పే రాజ్యాంగం పదకొండో షెడ్యూలులోని 29 అంశాల్లో గ్రామీణ గృహ నిర్మాణమూ ఉంది, రోడ్లూ ఉన్నాయి కనుక పంచాయతీ ఈ రెంటినీ కలిపి ఆలోచించడం సమంజసమే. 1994 నాటి పంచాయతీరాజ్ చట్టం ప్రకారం ఇల్లు కట్టుకోవడానికి పంచాయతీ అనుమతి కావాలి. మీ మార్గదర్శకాలకు దానంతటి బలం ఉండదు. అయినా ప్లాను కాగితాలు ఇవ్వడానికి వచ్చిన రోజునే ఆ మార్గదర్శకాల కాగితం చేతిలో పెట్టి, ఒకరు కూర్చుని వివరిస్తే చాలామంది వింటారు. మేస్త్రీలకు ముందే చెప్పి ఉంచడం ఇంకా మేలు, ఎందుకంటే మన ఊళ్లలో సగం ఇళ్ల ప్లాను మేస్త్రీ నోటి మాటే.

ఇంట్లోనే స్నానాల గది, వృద్ధులకు మెట్లు లేని దారి, కారుకు చోటు అడగడం తప్పు కాదు. కారును అరుగు పడగొట్టి కాకుండా పక్క సందులోంచి పెరట్లోకి తీసుకెళ్లమనండి. మండువాను మూయాలనుకునేవారు చుట్టుకప్పుకన్నా రెండడుగులు ఎత్తున రేకు వేసి పక్కలు జాలీతో వదిలితే, వాన లోపల పడదు, వేడి గాలి పైకి పోతుంది.

ప్రశ్న: మేము పోచంపల్లి దగ్గర నేత కుటుంబం. పాత ఇల్లు తీసి రెండంతస్తులు కట్టాలనుకుంటున్నాము. ముఖభాగం పాత తీరులో ఉండాలా?

జవాబు: 2021లో ప్రపంచ పర్యాటక సంస్థ పోచంపల్లిని ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా గుర్తించింది. అక్కడికి వచ్చేవారు చూసేది ముఖభాగాలను కాదు, ఇళ్లలో ఆడుతున్న మగ్గాలను. నేలలో గుంట తవ్వి అమర్చే గుంట మగ్గాన్ని పై అంతస్తులో పెట్టలేరు. అందుచేత కింది అంతస్తులో ముందుగా మగ్గం గది గీయించి, మిగతాది దాని చుట్టూ అమర్చండి. గుంటలోకి ఊట రాకుండా అడుగునా పక్కలా కట్టించండి, నూలు మీద నేరుగా ఎండ పడకుండా వెలుతురు ఇచ్చే ఉత్తరపు కిటికీ పెట్టించండి, మగ్గం పైన బిగించి డిజైన్లు నేసే జకార్డు యంత్రం పెట్టే ఆలోచన ఉంటే కప్పు ఎత్తు ఇప్పుడే పెంచండి. పైకి వెళ్లే మెట్లు బయటి నుంచే ఉండనివ్వండి. రాకపోకల దుమ్ము పడుగు మీద పడదు.