నీ కథలో ఆమె మాట్లాడలేదు

చిరంజీవికి ఆశీస్సులు.

దూరమైన నీ స్నేహితురాలి గురించి నువ్వు రాసిన కథ అందిన రోజే చదివాను. మర్నాడు మళ్లీ చదివాను. జవాబు ఆలస్యమైంది కథ నచ్చక కాదు. నీకు చెప్పాల్సిన మాట నేను కూడా చాలా ఆలస్యంగా నేర్చుకున్నాను. తొందరపడి చెప్పి పాడు చేయకూడదని ఆగాను.

ముందు నచ్చింది చెప్తాను. వానలో మీరిద్దరూ ఒకే గొడుగు కింద నడిచే చోట చాలాసేపు ఆగిపోయాను. నువ్వు గొడుగుని ఆమె వైపు జరపడం, ఆమె మళ్లీ నీ వైపు నెట్టడం, ఇల్లు చేరేసరికి నీ కుడి భుజమూ ఆమె ఎడమ భుజమూ తడిసి ముద్దవడం. ఆ పేరాలో స్నేహం అన్న మాటే లేదు, కానీ నిండా ఉన్నది అదే. అలా రాయగలిగిన దానివి కాబట్టే తర్వాతి ఆరు పేజీలు చదువుతుంటే మనసు కష్టపెట్టుకున్నాను. గొడవ జరిగిన దగ్గర్నుంచి ఆమెకి ఒక్క డైలాగ్ లేదు. ఆమె చేసినవి మాత్రం వరసగా ఉన్నాయి. ఫోన్ ఎత్తలేదు, పెళ్లికి పిలవలేదు, నీ గురించి ఎవరితోనో ఏదో అంది. చదువుతుంటే ఫిర్యాదు కాగితం చదువుతున్నట్టే ఉందమ్మా.

నీ బాధ అబద్ధమని అనడం లేదు. ఆ బాధకి నువ్వు చెప్పుకున్న కారణం మీదే నాకు అనుమానం. ఎందుకంటే నాకూ అలాంటి కారణం ఒకటి ఉండేది.

చదువుకునే రోజుల్లో నాకు ప్రాణంగా ఉండే స్నేహితుడు ఒకడు ఉండేవాడు. ఉద్యోగం వచ్చి వేరే ఊరు వెళ్లాక వాడు నన్ను మరిచిపోయాడని ఇరవై ఏళ్లకు పైగా నమ్మాను. నమ్మి ఊరుకోలేదు, "మనం వాడి కంటికి ఆనతామా ఇప్పుడు?" అని పదిమంది దగ్గరా అన్నాను. కథ కూడా రాశాను. అది అచ్చయింది, బాగుందని ఉత్తరాలూ వచ్చాయి. ఆ తర్వాత కొన్నేళ్లకి ఇల్లు మారుతుంటే పాత కాగితాల పెట్టెలో వాడి ఉత్తరం ఒకటి బయటపడింది. కవరు అంచు కత్తెరతో సన్నగా, తిన్నగా కత్తిరించి ఉంది. నేను ఉత్తరాలు అలాగే తెరుస్తాను, వేలు పెట్టి చింపను. అంటే అది నాకు అందింది, నేనే తెరిచాను, చదివాను. లోపల నీలం సిరా మడత దగ్గర కాస్త అలుక్కుపోయింది. "ఇంతకుముందు రెండు రాశాను, జవాబు లేదు. అడ్రస్ ఏమన్నా మారిందా? నాన్నగారికి ఎలా ఉంది?" అని ఉంది.

నాన్న అప్పుడు మంచం మీద ఉన్నారు. ఎవరికీ నాలుగు వాక్యాలు రాసే ఓపిక నాకు లేదు. అదీ నిజమే. కానీ ఆ మూడు ఉత్తరాలు నా మనసులోంచి ఎప్పుడు జారిపోయాయో, వాటి చోట్లో "వాడు మరిచిపోయాడు" అన్న మాట ఎప్పుడొచ్చి కూర్చుందో ఇప్పటికీ తెలియదు. అన్నేళ్లూ నేను అబద్ధం చెప్పలేదు. నాకు అలాగే గుర్తుంది.

జ్ఞాపకం ఎలా పనిచేస్తుందో చదవడం ఆ పెట్టె తెరిచాకే మొదలుపెట్టాను. 1986 జనవరి 28న ఛాలెంజర్ అంతరిక్ష నౌక పేలిపోయింది. మర్నాడు ఉదయమే ఉల్రిక్ నైసర్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త కాలేజీ విద్యార్థుల చేత ఒక ప్రశ్నాపత్రం రాయించాడు. ఆ వార్త తెలిసినప్పుడు ఎక్కడున్నారు, ఎవరు చెప్పారు, అప్పుడు ఏం చేస్తున్నారు, ఇలాంటివి. ఆ కాగితాలు దాచి, సుమారు రెండున్నరేళ్ల తర్వాత వాళ్లలో 44 మందిని మళ్లీ అడిగారు. 11 మంది చెప్పినదాంట్లో ముఖ్యమైన వివరం ఒక్కటీ పాత కాగితంతో కలవలేదు. చాలామంది మాత్రం గట్టి నమ్మకంతో చెప్పారు. వాళ్ల చేతిరాత వాళ్ల ముందే పెట్టినా మొదటి జ్ఞాపకం తిరిగి రాలేదు. అది చదువుతున్నంతసేపూ నాకు కత్తిరించిన కవరు అంచే కనిపించింది.

రాసేవాళ్లకి ఇంకా సూటిగా తగిలేది 1974లో ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ అనే మనస్తత్వ పరిశోధకులు చేసిన ప్రయోగం. కొందరికి కార్ల యాక్సిడెంట్ ఫిల్ము చూపించారు. తర్వాత 50 మందిని "కార్లు తగిలినప్పుడు ఎంత స్పీడులో ఉన్నాయి?" అని అడిగారు. ఇంకో 50 మందిని అదే ప్రశ్న "గుద్దుకుని నుజ్జయినప్పుడు" అనే అర్థం వచ్చే మాటతో అడిగారు. వారం తర్వాత పిలిచి, పగిలిన అద్దం చూశారా అంటే మొదటివాళ్లలో 7 మంది చూశామన్నారు, రెండోవాళ్లలో 16 మంది. ఆ ఫిల్ములో పగిలిన అద్దం అసలు లేదు.

ఒక్క క్రియ మారింది, అంతే. ఇప్పుడు నీ కథలో క్రియలు చూడు. వదిలేసింది, తోసేసింది, తెంచుకుంది. ఈ మాటలు కాగితం మీద పెట్టకముందు ఎన్ని రాత్రులు నీలో నువ్వు అనుకుని ఉంటావు! అన్నిసార్లు అనుకున్నాక నీకు కనిపిస్తున్న గాజుపెంకుల్లో నిజంగా పగిలినవి ఎన్నో నువ్వైనా చెప్పగలవా?

తిరగరాసే ముందు ఒక పని చెయ్యి. మీరు చివరిసారి కలిసిన రోజు కంటితో చూసింది, చెవితో విన్నది మాత్రమే ఒక పేజీ రాయి. "కావాలనే మొహం తిప్పుకుంది" అన్నావు. "కావాలనే" నువ్వు కలిపింది. "మొహం తిప్పుకుంది" అన్నదాంట్లో కూడా సగం నీదే. ఆమె తల కిటికీ వైపు ఉంది, నువ్వు చూసింది అంతవరకే. ఆ పేజీ అయ్యాక అదే రోజుని ఆమె చేత చెప్పించు. అందులో "నేను" అంటే ఆమె. అచ్చుకి పంపొద్దు, నాకూ చూపించొద్దు. మొదట్లో చెయ్యి కదలదు. ఆమె నీ మీద ఏం ఫిర్యాదు చేస్తుందో నీకు ముందే తెలుసు కాబట్టి కదలదు.

జేమ్స్ పెన్నెబేకర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1986లో తోటి పరిశోధకురాలితో కలిసి ప్రచురించిన ఒక అధ్యయనం ఉంది. విద్యార్థుల చేత రోజుకి 15 నిమిషాల చొప్పున వరసగా నాలుగు రోజులు, తమని బాగా గాయపరిచిన విషయం రాయించారు. రాసిన వెంటనే వాళ్ల మనసు ఇంకా బరువెక్కింది. అయినా, జరిగినదాన్నీ దానివల్ల కలిగిన బాధనీ కలిపి రాసినవాళ్లు తర్వాతి నెలల్లో డాక్టర్ దగ్గరికి తక్కువసార్లు వెళ్లారు. 2003లో ఆయనే ఇంకొకరితో కలిసి అలాంటి రాతల్లో మాటల్ని పరిశీలిస్తే, ఒకరోజు నుంచి ఇంకోరోజుకి నేను, తను, మేము లాంటి సర్వనామాల వాడకం మారుతూ వచ్చినవాళ్ల ఆరోగ్యం మెరుగ్గా ఉన్నట్టు తేలింది. నీ కథ తీసి లెక్కపెట్టాను. మొదటి పేజీలో "మేము" తొమ్మిదిసార్లు ఉంది. చివరి రెండు పేజీల్లో ఒక్కసారీ లేదు.

ఇంకొకటి అడుగుతాను, ఏమీ అనుకోకు. మెట్ల మీద అరుచుకునే ఆ సీను నిజంగా జరిగిందా, కథకి కావాలని పెట్టావా? నాకైతే పెట్టినట్టే అనిపించింది. పాత స్నేహాలు అలా పెద్ద చప్పుడుతో పోవడం నేను పెద్దగా చూడలేదు. దగ్గరి స్నేహం కుదరడానికి 200 గంటలకు పైగా కలిసి గడపాలని జెఫ్రీ హాల్ అనే పరిశోధకుడి అంచనా. అన్ని గంటలు పోసి కట్టుకున్నది పోయేటప్పుడు ఎవరికీ తెలియకుండా పోతుంది. రోజూ మాట్లాడేవాళ్లు వారానికోసారి అవుతారు. "మొన్న ఏం జరిగిందో తెలుసా" అనే మాట మానేసి "ఏంటి విశేషాలు" అని అడగడం మొదలుపెడతారు. విశేషాలు అడగాల్సి వచ్చిందంటే అప్పటికే దూరం వచ్చేసినట్టు. తర్వాత పుట్టినరోజుకి మెసేజ్, దానికి ఒక బొమ్మ జవాబు. "ఒకసారి కలవాలే" అని ఇద్దరూ మనస్ఫూర్తిగా అంటారు, ఏ రోజని ఇద్దరూ అడగరు. ఒక పేరు వినగానే మొహం వెలిగే స్థితి నుంచి, ఆ పేరు ఎక్కడో విని "ఎలా ఉందో ఏమో" అనుకుని మళ్లీ పనిలో పడిపోయే స్థితికి ఏ రోజు వచ్చామో ఎవరూ చెప్పలేరు. అరుచుకునే సీను రాయడం సులువు, తప్పు ఎవరిదో అందులో తేలిపోతుంది. ఈ పలచబడడం రాయి. చాలా కష్టం, కానీ గొడుగు పేరా రాసిన చెయ్యికి చేతనవుతుంది.

మూడో పేజీలో ఆమె వాళ్ల నాన్న గురించి నీతో చెప్పుకున్న విషయం ఉంది. అది తీసెయ్. పేరు మార్చినా ఆమె చదివితే ఆమెకి తెలిసిపోతుంది. స్నేహం పోయినంత మాత్రాన, అప్పుడు నమ్మి చెప్పిన మాట నీ సొత్తు అయిపోదు. ఈ విషయంలో మాత్రం నీతో వాదించను, తీసెయ్యాల్సిందే.

నా స్నేహితుడి సంగతి ఏమైందని అడుగుతావు. ఆ ఉత్తరం దొరికాక నెలరోజులు టెన్షన్ పడి, తెలిసినవాళ్ల ద్వారా నంబరు సంపాదించి ఫోన్ చేశాను. మీ ఉత్తరాలకి నేనే జవాబు రాయలేదని చెప్పాను. "మీ" అనే అన్నాను, "నీ" అని నోట్లోంచి రాలేదు. అవతల కాసేపు మాట లేదు. తర్వాత, "అదేంటి, రాయడం మానేసింది నేను కదా? మీ నాన్న పోయినప్పుడు కూడా రాలేదని ఇన్నేళ్లూ సిగ్గుపడుతున్నాను" అన్నాడు. ఆ మూడు ఉత్తరాలు వాడికీ గుర్తులేవు. నేను వాడి మీద మోపిన తప్పుని వాడు ఎప్పుడో తన మీద వేసుకుని మోస్తున్నాడు. పది నిమిషాలు మాట్లాడుకున్నాం. మోకాళ్ల నొప్పుల గురించి, పిల్లల గురించి. మళ్లీ చేస్తానన్నాడు, నేనూ అన్నాను. ఇద్దరం చేయలేదు.

ఆ స్నేహం తిరిగి రాలేదు. అయినా ఆ రాత్రి నాకు మంచి నిద్ర పట్టింది. వాడు నాకు బాకీ ఉన్నాడనే లెక్క ఒకటి ఏళ్ల తరబడి నాలో నడుస్తూ ఉండేది. అది ఆగిపోయింది. వదిలేయడం అని జనం అంటారే, నాకు తెలిసింది ఆ మేరకే. వాడిని మరిచిపోలేదు. ఇప్పుడు గుర్తొస్తే మొదట కనిపించేది వాడి నవ్వు, ఆ తర్వాతే ఉత్తరం. నా పాత కథని మాత్రం కొత్త సంపుటిలో చేర్చలేదు. తిరగరాద్దామని రెండుసార్లు కూర్చున్నాను, ఇంకా కుదరలేదు.

నీ కథ తిరగరాసి పంపు. తొందరేమీ లేదు, ఏడాది పట్టినా ఎదురుచూస్తాను. ఒక్కటి మాత్రం ఈలోపు గుర్తు తెచ్చుకో. ఆ గొడుగు ఎవరిది? కథలో రాయలేదు నువ్వు. ఇంటి దగ్గర విడిపోయాక కూడా వాన కురుస్తూనే ఉందని రాశావు. మరి మిగతా దారి తడుస్తూ వెళ్లింది ఎవరు?

ఆశీస్సులతో,
నీ కథ కోసం ఎదురుచూసే పెద్దవాడు