పేరున్న నైట్‌క్లబ్‌లోకి వెళ్లాలంటే ముందు ఆ తలుపు ఎలాంటిదో తెలుసుకోండి

మీరు అడిగింది ఇదీ: నలుగురు మగ స్నేహితులు సెలవులకు విదేశం వెళ్తున్నారు. ఒక్క రాత్రైనా అందరూ చెప్పుకునే క్లబ్‌లో గడపాలని కోరిక. గంటలు గంటలు లైన్లో నిలబెట్టి, చివరికి తలుపు దగ్గర తల అడ్డంగా ఊపి పంపేస్తారని విన్నారు. లోపలికి వెళ్లే దారేమిటి?

నాకు, మా ఆయనకి డాన్స్ మ్యూజిక్ అంటే ప్రాణం. ఏ ఊరికి సెలవులకు వెళ్లినా అక్కడ ఏ డీజే ఎప్పుడు వాయిస్తున్నారో చూసుకున్నాకే హోటల్ బుక్ చేస్తాం. ఇన్నేళ్లలో నాకు అర్థమైంది ఒకటే. అన్ని క్లబ్బులకూ పనికొచ్చే చిట్కా అంటూ లేదు. కొన్నిచోట్ల టికెట్ చూస్తారు, కొన్నిచోట్ల డబ్బూ ఆడవాళ్ల సంఖ్యా చూస్తారు, కొన్నిచోట్ల మనిషిని చూస్తారు. ఒకచోట పనిచేసిన పద్ధతే ఇంకోచోట మిమ్మల్ని బయట నిలబెడుతుంది. కాబట్టి బట్టలు సర్దుకునే ముందే మీరు వెళ్లే క్లబ్‌ది ఏ రకం తలుపో తెలుసుకోండి.

అన్నిటికన్నా సులువు టికెట్ తలుపు. స్పెయిన్‌లోని ఇబిజా దీవిలో దాదాపు అంతా ఇదే. 1973 నుంచి నడుస్తున్న పాచా, పాత స్పేస్ క్లబ్ స్థానంలో 2017లో వచ్చిన హాయ్, ఇలా పెద్దవన్నీ ముందే టికెట్లు అమ్ముతాయి. ఫోన్‌లో టికెట్ ఉండి, వయసు 18 దాటి, ఒళ్లు తెలియని మత్తులో లేకపోతే మిమ్మల్ని ఆపే పని వాళ్లకి లేదు. నలుగురు మగవాళ్లైనా ఫర్వాలేదు. టికెట్ క్లబ్ సొంత వెబ్‌సైట్‌లోనే కొనండి. ముందు విడుదలయ్యేవి చవక, రోజు దగ్గరపడేకొద్దీ ధర పెరుగుతుంది. చవక టికెట్లలో కొన్నిటికి ఫలానా టైంలోపే లోపలికి రావాలని షరతు ఉంటుంది, అది చదవకుండా కొనకండి. అర్ధరాత్రి దాటాక మేలుకోలేమంటే ఉషుయాయా అనే క్లబ్ ఉంది. ఆరుబయట, సాయంత్రం మొదలై అర్ధరాత్రికల్లా ముగిసిపోతుంది. హాయ్ దానికి ఎదురుగానే, ఓపిక మిగిలినవాళ్లు రోడ్డు దాటి అక్కడికి పోతారు. అయితే ఇదంతా సీజన్ ఉన్నప్పటి మాట. మే నుంచి అక్టోబర్ దాకా తప్పిస్తే మిగతా నెలల్లో పెద్ద క్లబ్బులు చాలావరకు మూసే ఉంటాయి.

రెండోది లాస్ వేగస్ రకం. మీ నలుగురికీ ఇబ్బంది అయ్యేది ఇక్కడే, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. అక్కడి పెద్ద క్లబ్బులు హోటళ్లలోనే ఉంటాయి. సీజర్స్ ప్యాలెస్‌లో ఆమ్నియా, ఎన్‌కోర్‌లో ఎక్స్ఎస్, అలాగన్నమాట. గెస్ట్ లిస్ట్ అనేది ఒకటి ఉంటుంది. ప్రమోటర్‌కి, అంటే క్లబ్ తరఫున జనాన్ని పోగుచేసే మనిషికి, పేర్లు పంపితే లిస్ట్‌లో పెడతాడు. ఆడవాళ్లకి ఉచితం, మగవాళ్లకైతే పక్కన కనీసం అంతమంది ఆడవాళ్లు ఉండాలంటారు. మగవాళ్లు మాత్రమే ఉన్న గుంపుకి ఆ లిస్ట్ దాదాపు పనికిరాదు. లిస్ట్‌లో పేరుండటం అంటే లోపలికి వెళ్లినట్టు కాదని కూడా గుర్తుంచుకోండి. దానికి ఒక గడువు టైం ఉంటుంది, లోపల నిండిపోతే ఆ లైన్ ఆపేస్తారు. పెద్ద డీజే ఉన్న రాత్రి లిస్ట్ పెట్టకపోవచ్చు కూడా.

అలాంటప్పుడు మీకు మూడు దారులున్నాయి. మొదటిది డబ్బు పెట్టి టికెట్ కొనుక్కుని, తలుపులు తీసే వేళకే వెళ్లి నిలబడటం. నా దృష్టిలో మీకు ఇదే మేలు. రెండోది డే క్లబ్, అంటే పగలు స్విమ్మింగ్ పూల్ చుట్టూ జరిగే పార్టీ. సాధారణంగా అక్కడ తలుపు దగ్గర పట్టింపు కాస్త తక్కువ, డీజేలు చాలాసార్లు వాళ్లే. మూడోది టేబుల్ బుకింగ్, అంటే కనీసం ఇంత మొత్తానికి డ్రింకులు కొంటామని ఒప్పుకుని లోపల ఒక టేబుల్ తీసుకోవడం. టేబుల్ తీసుకుంటే మగవాళ్లా ఆడవాళ్లా అన్న ప్రశ్న చాలావరకు పోతుంది, లైన్ కూడా ఉండదు. కానీ వాళ్లు చెప్పే కనీస ఖర్చు అసలు బిల్లు కాదు. దాని మీద అమ్మకం పన్ను, నెవాడా రాష్ట్రం వేసే 9 శాతం వినోద పన్ను, ఆపైన సర్వీసు వాళ్లకి టిప్పు. అన్నీ కలిపితే చెప్పిన మొత్తానికి మూడో వంతు పైనే అదనంగా కట్టాల్సి వస్తుంది. బుక్ చేసేటప్పుడే "అన్నీ కలిపి ఎంత?" అని మెసేజ్‌లో అడిగి, జవాబు దాచుకోండి. నలుగురూ ఎంతెంత వేసుకోవాలో హోటల్ గదిలోనే తేల్చుకోండి. బిల్లు వచ్చాక స్నేహితుల మధ్య మొదలయ్యే లెక్కలు సెలవు మొత్తాన్ని పాడు చేయడం నేను కళ్లారా చూశాను.

అక్కడ బట్టల పట్టింపు కూడా ఎక్కువ. కాలర్ ఉన్న షర్టు, పొడుగు ప్యాంటు, మంచి బూట్లు. నిక్కర్లు, చెప్పులు, ఆటల జెర్సీలు, టోపీలు వేసుకొస్తే టికెట్ ఉన్నా ఆపేస్తారు. మరీ ముఖ్యం, ఈ క్లబ్బుల్లోకి వెళ్లాలంటే వయసు 21 నిండాలి. మీలో ఒక్కరికి నిండకపోయినా వేరే కార్యక్రమం చూసుకోండి, దానికి అడ్డదారి లేదు.

ఆడవాళ్లు కూడా ఇది చదువుతారు కాబట్టి ఒక మాట. ఉచితంగా రానిస్తున్నారంటే దాని వెనక లెక్క ఉంటుంది. లోపల డబ్బు పెట్టే టేబుళ్ల చుట్టూ సందడి కనిపించాలి, అందుకు మిమ్మల్ని పిలుస్తున్నారు. ప్రమోటర్ తీసుకెళ్లి తెలియనివాళ్ల టేబుల్ దగ్గర కూర్చోబెడితే అక్కడే ఉండాల్సిన బాధ్యత మీకేమీ లేదు. లేచి డాన్స్ ఫ్లోర్‌కి వెళ్లిపోండి. మీ కళ్లముందు పోయని డ్రింక్ ముట్టుకోకండి. మా చెల్లెలితో వెళ్లినప్పుడు మేం పెట్టుకున్న నియమం ఒకటుంది: బాత్రూమ్‌కి వెళ్లినా ఇద్దరం కలిసే.

ఇక మూడోది మనిషిని చూసే తలుపు. బెర్లిన్‌లోని బెర్గైన్ దీనికి ప్రపంచమంతా తెలిసిన ఉదాహరణ. పాత విద్యుత్ కేంద్రం భవనంలో 2004లో తెరిచారు. తలుపు దగ్గర ఎన్నో ఏళ్లుగా ఉన్న స్వెన్ మార్క్వార్ట్ స్వయంగా పేరున్న ఫొటోగ్రాఫర్. కారణం చెప్పరు, డబ్బిస్తామన్నా వినరు. ఇంటర్నెట్ నిండా నల్లబట్టలు వేసుకోండి, నవ్వకండి అన్న సలహాలే. అందరూ అది చదివే వస్తారు కాబట్టి లైన్లో సగం మంది నల్లబట్టల్లోనే కనబడతారు. మరి వాళ్లందరినీ లోపలికి పంపుతున్నారా? లేదు కదా.

బెర్లిన్‌లో అలాంటి పద్ధతే పాటించే ఇంకో క్లబ్ దగ్గర నేను చూసింది చెప్తాను. మా ముందు ఆరుగురు కుర్రాళ్లు. సీసాలు చేతుల్లో, ఒకటే కేకలు, ఫోన్‌తో లైన్‌నంతా వీడియో తీస్తున్నారు. తలుపు దగ్గర ఒక్క మాటలో పంపేశారు. తర్వాత మేమిద్దరం. ఎంతమంది అని అడిగి, ఈ రాత్రి ఎవరిని వినడానికి వచ్చారని అడిగారు. మేం నిజంగానే ఒక డీజే కోసం వెళ్లాం, ఆ పేరు చెప్పాం, రానిచ్చారు. దాన్ని నేను గొప్పగా చెప్పుకోవడం లేదు. ఆ మనిషి వెతుకుతున్నదేమిటో ఆ రెండు ప్రశ్నల్లోనే ఉంది. వీళ్లు లోపలున్నవాళ్ల రాత్రిని చెడగొడతారా, వాళ్లలో కలిసిపోతారా? ఇలాంటి క్లబ్బులు చాలావరకు ఎవరికీ జవాబు చెప్పుకోనక్కర్లేకుండా ఆడి పాడుకోవాలనుకున్నవాళ్లు కట్టుకున్న చోట్లు. స్వలింగ ప్రేమికులకి బయట దొరకని నిబ్బరం అక్కడ దొరుకుతుంది. చూసి ఫొటో తీసుకుని పోదామని వచ్చేవాళ్లని తలుపు దగ్గరే ఆపకపోతే ఆ చోటు మిగలదు. అందుకే లోపలికి వెళ్లేముందు ఫోన్ కెమెరా మీద స్టిక్కర్ అంటిస్తారు. దాన్ని పీకితే బయటికి పంపేస్తారు. అదే సబబు అంటాను నేను.

అక్కడికి వెళ్లాలంటే నలుగురూ ఒక గుంపుగా కాకుండా ఇద్దరిద్దరుగా వెళ్లండి. ఆ రాత్రి కార్యక్రమం చదివి, వాయించేవాళ్ల సంగీతం ముందే వినండి. నచ్చకపోతే అసలు వెళ్లకండి, ఆ ఊళ్లో క్లబ్బులకి కొదవలేదు. లైన్లో తాగొద్దు, అరవొద్దు. శనివారం అర్ధరాత్రే వెళ్లాలన్న పట్టింపు వదిలేయండి. బెర్గైన్ శనివారం రాత్రి మొదలై సోమవారం ఉదయం దాకా నడుస్తుంది. హాయిగా నిద్రపోయి, టిఫిన్ చేసి, ఆదివారం పగలు వెళ్లేవాళ్లు ఎందరో. కాదన్నారా, సరేనని పక్కకి తప్పుకోండి. వాదించి లోపలికి వెళ్లినవాళ్లని నేను ఎక్కడా చూడలేదు.

తలుపు దగ్గర ఇలా మనుషుల్ని ఏరడం ఇప్పటిది కాదు. న్యూయార్క్‌లో 1977లో తెరిచిన స్టూడియో 54 అనే క్లబ్ దీన్ని ఒక తంతుగా మార్చేసింది. ఆ ఏడాది చివరి రాత్రి, గాయని గ్రేస్ జోన్స్ పిలుపు మీద వెళ్లిన షిక్ బృందం సంగీతకారులు నైల్ రోజర్స్, బెర్నార్డ్ ఎడ్వర్డ్స్‌నే తలుపు దగ్గర రానివ్వలేదు. ఆ కోపంతో ఇంటికెళ్లి కట్టిన పాటే మరుసటి ఏడాది అమెరికాలో మొదటి స్థానానికి చేరింది. వాళ్లంతటివాళ్లకే తప్పలేదు, కాబట్టి మిమ్మల్ని కాదన్నంత మాత్రాన మీలో ఏదో లోటుందని కుంగిపోకండి.

కానీ కాదనడాలన్నీ ఒకటి కావు. ఒంటి రంగు చూసి ఆపేవాళ్లున్నారు, దీన్ని దాచి రాయడం నాకిష్టం లేదు. ఒక యూరప్ నగరంలో "ఈ రోజు ప్రైవేట్ పార్టీ" అని మమ్మల్ని పంపేసి, మా వెనకున్న తెల్లవాళ్లని ఏమీ అడక్కుండా పంపించారు. ఎదురుగా ఉన్న ఫుట్‌పాత్ మీద నిలబడి చూశాం, అది మా భ్రమ కాదు. ఆ అవమానం చిన్నది కాదు. జర్మనీలో 2006 నాటి సమాన హక్కుల చట్టం, బ్రిటన్‌లో 2010 నాటి ఈక్వాలిటీ యాక్ట్ జాతి కారణంగా ఇలా ఆపడాన్ని నిషేధించాయి. జర్మనీలో కోర్టులు పరిహారం ఇప్పించిన కేసులు కూడా ఉన్నాయి. అక్కడే గొడవపడకండి, రాత్రి రెండింటికి తెలియని ఊళ్లో అది మంచిది కాదు. టైం, చెప్పిన కారణం, పక్కనున్న సాక్షులు, ఇవి రాసిపెట్టుకుని ఫిర్యాదు చేయాలా వద్దా అన్నది పొద్దున ఆలోచించండి.

పాస్‌పోర్ట్ విషయానికొస్తే, అసలుదే తీసుకెళ్లండి. ఫోన్‌లో ఫొటో చూపిస్తే చాలాచోట్ల ఒప్పుకోరు, విదేశీ డ్రైవింగ్ లైసెన్స్ అయితే తలుపు దగ్గరున్న మనిషి ఇష్టం. లండన్‌లో ఫ్యాబ్రిక్ వంటి క్లబ్బులు గుర్తింపు కార్డుని స్కాన్ చేస్తాయి. థాయ్‌లాండ్‌లో క్లబ్‌లోకి వెళ్లడానికి, జపాన్‌లో మద్యం తాగడానికి వయసు 20 నిండాలి. పాస్‌పోర్ట్‌ని జిప్ ఉన్న లోపలి జేబులో పెట్టుకుంటే మంచిది. కోట్లు దాచిపెట్టే కౌంటర్‌లో (కోట్ చెక్) కోటుతో పాటు దాన్నీ ఇచ్చేయకండి. పెద్ద బ్యాగులు తేవద్దు. చెవుల్లో పెట్టుకునే ఇయర్‌ప్లగ్స్ మాత్రం తప్పకుండా తెచ్చుకోండి. స్పీకర్ల పక్కన నాలుగు గంటలు గడిపితే చెవులు దెబ్బతింటాయి, అలా పోయిన వినికిడి మళ్లీ రాదు.

రోడ్డు మీద "వీఐపీ ఎంట్రీ" అంటూ కాగితాలు అమ్మేవాళ్ల దగ్గర ఏమీ కొనొద్దు. ఒకసారి లైన్లో మా ముందున్న జంట అలాంటి కాగితం చూపిస్తే తలుపు దగ్గరున్నతను దాన్ని తిప్పి కూడా చూడలేదు. ఆ అమ్మాయి కళ్లలో నీళ్లు తిరిగాయి, పెళ్లయిన వారానికి వచ్చారట. అంతకన్నా ప్రమాదం, దారిలో పరిచయమై "నాకు మంచి చోటు తెలుసు" అని తీసుకెళ్లేవాళ్లు. ధరలు రాయని బారులో కూర్చోబెడతారు, చివర్లో వేలల్లో బిల్లు, తలుపుకి అడ్డంగా ఇద్దరు మనుషులు. మీరు అనుకున్న క్లబ్‌కి మీరే వెళ్లండి.

తిరిగొచ్చే దారి కూడా బయల్దేరే ముందే చూసుకోండి. బెర్లిన్‌లో శుక్ర, శనివారం రాత్రులు మెట్రో తెల్లవార్లూ నడుస్తుంది. ఇబిజాలో సీజన్‌లో క్లబ్బులకి వెళ్లేవాళ్ల కోసం రాత్రి నడిచే డిస్కోబస్ ఉంటుంది. లాస్ వేగస్‌లో మెయిన్ రోడ్డు మీద చెయ్యి ఊపితే ట్యాక్సీ ఆగదు, హోటల్ గుమ్మం దగ్గరున్న ట్యాక్సీ లైన్‌కే వెళ్లాలి. గది అడ్రస్ ఒక కాగితం మీద రాసి నలుగురూ తలా ఒకటి జేబులో పెట్టుకోండి. తెల్లారేసరికి ఏదో ఒక ఫోన్ ఛార్జింగ్ అయిపోయే ఉంటుంది.