522002 అనే పిన్‌కోడులో ఏముంది?

ప్రశ్న: మా బ్రాడీపేట పిన్‌కోడు 522002. తొమ్మిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి దీన్ని సగం చేసి, వచ్చిన 261001ని 11 దాకా భాగించి చూసి, ఇక ఇది ప్రధాన సంఖ్యేనని తేల్చింది. అది నిజమేనా? ఈ సంఖ్యకు వేరే ప్రత్యేకత ఏదైనా ఉన్నదా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: మీ అమ్మాయి ఇంకొక్క మెట్టు ఎక్కి ఉంటే 13 దొరికేది. 7, 11, 13ల లబ్ధం 1001 కనుక, ఆరంకెల సంఖ్యలో మొదటి మూడంకెల నుంచి చివరి మూడంకెలను తీసివేసి చూస్తే చాలు: 522 – 2 = 520; ఇది 13కు నలభై రెట్లు, 7కు గాని 11కు గాని గుణిజం కాదు. పూర్తిగా విడదీస్తే 522002 = 2 × 13 × 17 × 1181.

అసలు అందం ఇక్కడి నుంచి మొదలవుతుంది. 13, 17, 1181 మూడూ 4తో భాగిస్తే 1 శేషం వచ్చే ప్రధాన సంఖ్యలు. అటువంటి ప్రతి ప్రధాన సంఖ్యా రెండు వర్గాల మొత్తమవుతుందని 17వ శతాబ్దంలో ఫెర్మా చెప్పగా, తరువాతి శతాబ్దంలో ఆయిలర్ నిరూపించాడు: 13 = 3² + 2², 17 = 4² + 1², 1181 = 34² + 5². ఇటువంటి రెండు సంఖ్యల లబ్ధం కూడా రెండు వర్గాల మొత్తమేనని బ్రహ్మగుప్తుడు 628లోనే సూత్రం ఇచ్చాడు. ఆ సూత్రంతో కలుపుకుంటూ పోతే మీ పిన్‌కోడు సరిగ్గా నాలుగు విధాలుగా వస్తుంది:

719² + 71²
709² + 139²
691² + 211²
601² + 401²

మీ పేటలో లైను, అడ్డరోడ్డు అని రెండు అంకెలతో ఇంటి జాడ చెప్పినట్లే, ఒక్కొక్క జతను గ్రాఫు కాగితం మీద ఒక బిందువుగా భావిస్తే, ఈ నాలుగు బిందువులూ మూలబిందువు నుంచి ఒకే దూరంలో, ఒకే వృత్తం మీద ఉంటాయి.

ఈ ఎనిమిది సంఖ్యలూ ప్రధాన సంఖ్యలే! ఇది కాకతాళీయమని మొదట నేనూ అనుకున్నాను, కాని కారణం 522002లోనే ఉన్నది. ఏదైనా జతలో ఒకటి 3 గుణిజమైతే, రెండవదాని వర్గాన్ని 3తో భాగించినప్పుడు శేషం 2 రావాలి. ఏ వర్గానికీ అలా రాదు. 5, 7, 11, 19, 23లతో భాగిస్తే మన సంఖ్యకు వరుసగా 2, 5, 8, 15, 17 శేషాలు వస్తాయి. వీటిలో ఏదీ ఆయా భాజకాలకు వర్గ శేషం కాదు, అంటే ఏ వర్గాన్ని ఆ భాజకంతో భాగించినా ఆ శేషం రాదు; కనుక ఇవీ 3 లాగే జతలో దేనినీ భాగించలేవు. ఇక 2, 13, 17లలో ఏదైనా ఒకదాన్ని భాగిస్తే రెండవదాన్నీ భాగించి తీరాలి, అప్పుడు 522002లో ఆ కారణాంకం రెండుసార్లు ఉండాలి, ఉన్నది ఒక్కసారే. అంటే 23 వరకు ఏ ప్రధాన సంఖ్యా ఈ ఎనిమిదింటిలో దేనినీ భాగించదు. తరువాతి ప్రధాన సంఖ్య 29, దాని వర్గం 841. మన జాబితాలో పెద్దది 719. కనుక ఇవి ప్రధాన సంఖ్యలు కాక తప్పదు.

19కి 1 నుంచి 9 వరకు, 23కు 1 నుంచి 11 వరకు వర్గాలు వేసి, శేషాల పట్టికలో 15, 17 కనిపించవని మీ అమ్మాయిని స్వయంగా సరిచూడమనండి.