డోర్నకల్ బొగ్గు వ్యాగన్లు చేస్తానన్న మేనకోడలికి

అమ్మలూ,

నువ్వు 1963 నాటి డోర్నకల్ రైల్వే యార్డుని చిన్న నమూనాగా బల్ల మీద కట్టబోతున్నావని, బొగ్గు వ్యాగన్ల కొలతలు వెతుకుతున్నావని నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్లో చెప్పింది. మీ తాతయ్య బతుకంతా గడిపిన యార్డు మీదికి నీ మనసు మళ్లిందంటే గుండె నిండిపోయింది. ఆదివారం కెమెరా, టేపు పట్టుకుని కాజీపేట యార్డుకి వెళ్తున్నావని కూడా అంది. ఇక నాకు నిద్ర పట్టలేదు.

ముందు అదే చెబుతాను. పర్మిషన్ లేకుండా యార్డులో కాలు పెట్టకు. పర్మిషన్ ఉన్నా సరే, నిలబడి ఉన్న వ్యాగన్ల మధ్య నుంచి దాటకు, కింద నుంచి దూరకు. ముప్ఫై ఏళ్లు బండ్లు తనిఖీ చేసే టీఎక్స్ఆర్‌గా చేశాను. రేకుకి, అంటే వ్యాగన్ల వరసకి, రెండు చివరలా ఎర్రజెండా పెట్టకుండా మేమెవ్వరం వ్యాగన్ కిందికి వెళ్లేవాళ్లం కాదు. ఇంజన్ వస్తుంటే వినబడుతుంది. షంటింగ్‌లో వదిలేసిన ఖాళీ వ్యాగన్ దొర్లుకుంటూ వస్తే వినబడదమ్మా.

పైగా అక్కడ నీకు పనికొచ్చేదేమీ లేదు. ఇప్పుడు కనిపించే బొగ్గు వ్యాగన్లు, బాక్స్ఎన్‌లు, 1980ల్లో వచ్చినవి, పొడవు 10.7 మీటర్లు. దానికి ముందున్న బాక్స్ రకం వ్యాగన్ 13.7 మీటర్లు. అసలుని 87వ వంతుకి తగ్గించే నీ హెచ్ఓ స్కేల్లో ఒకటి 123 మిల్లీమీటర్లు, ఇంకోటి 158. ఒకదాని బదులు ఇంకోటి పెడితే ఎవరికైనా తెలిసిపోతుంది. 1963లో బాక్స్ కూడా కొత్తదే. యెల్లందు, కొత్తగూడెం బొగ్గు ఎక్కువగా నాలుగు చక్రాల ఓపెన్ వ్యాగన్లలో దిగేది. బఫర్లు, స్క్రూ కప్లింగు, వాక్యూం బ్రేకు గొట్టం, అదీ దాని రూపం.

డ్రాయింగు సంపాదించు, ఢిల్లీ రైల్ మ్యూజియం చూసిరా, పాత ఫొటోలు పోగెయ్యి. ఇవి నీకు తెలిసినవే. ఫొటో నుంచి కొలత తీసేటప్పుడు మాత్రం చక్రాన్ని నమ్మకు. బాక్స్ఎన్ చక్రం కొత్తలో 1000 మిల్లీమీటర్లు, 906 దాకా అరిగినా నడుస్తుంది. ఇరుసుకీ ఇరుసుకీ మధ్య దూరం అరగదు, దాన్ని పట్టుకో. మన గేజు, అంటే పట్టాల మధ్య దూరం, 1676 మిల్లీమీటర్లని 87తో భాగిస్తే 19.3 వస్తుంది, కొట్లో దొరికే పట్టాలు 16.5. ఏది వాడతావో ముందే తేల్చుకో.

ఇక నేను చేసిన తప్పు. రిటైరైన కొత్తలో నేనూ ఇదే యార్డు చేశాను, ఇదే కాలానికి. ఇరవై రెండు వ్యాగన్లు. భూతద్దం కింద, మూడు వెంట్రుకలున్న కుంచెతో ఒక్కో దాని మీదా తెల్లరంగుతో సౌత్ సెంట్రల్ రైల్వే గుర్తుగా ‘ఎస్‌సీ’ అని రాశాను. ఆ అక్షరాలకే రెండు నెలలు పట్టింది. ఎందుకు రాశానంటే, నేను ఉద్యోగంలో చేరిన రోజు నుంచీ లాంతరు వెలుగులో చూసినవి ఆ అక్షరాలే. నా కళ్లకి అనుమానమే రాలేదు.

ప్రదర్శనకి పెట్టాను. ఒక ముసలి గార్డు వచ్చి, బల్ల అంచు పట్టుకుని చాలాసేపు చూశాడు. బొగ్గు మీద నేను చల్లిన సున్నపు నీళ్ల చారలు చూసి మురిసిపోయాడు. దారిలో ఎవరైనా బొగ్గు తీస్తే అక్కడ నల్లగా కనబడాలని అలా చల్లేవాళ్లు. తర్వాత వంగి అక్షరాలు చదివాడు. “బాబూ, అప్పటికి దక్షిణ మధ్య రైల్వే ఎక్కడిది?” అన్నాడు, మెల్లగా, పక్కవాళ్లకి వినపడకుండా.

1966 అక్టోబరు 2న పుట్టిన రైల్వే అది. 1963లో డోర్నకల్ సెంట్రల్ రైల్వేది. 1951కి ముందు నిజాం రైల్వేది. ఆ రాత్రి ఇంటికొచ్చి నాన్న ట్రంకు పెట్టె తెరిచాను. జీతం కాగితాలు వరసగా ఉన్నాయి, మూడు రైల్వేల పేర్లతో. ఒకే క్వార్టర్లో ఉంటూ మా నాన్న మూడు రైల్వేలకి పనిచేశాడు. ఆ పెట్టె పదేళ్లుగా నా మంచం కిందే ఉంది. అప్పుడు ఏడ్చింది వ్యాగన్ల కోసం కాదులే.

అక్షరాలు గీకేసి అన్నిటిమీదా సెంట్రల్ అని రాయబోతుంటే ఆ గార్డే మళ్లీ ఆపాడు. బ్రాడ్‌గేజ్ వ్యాగన్లు చాలావరకు దేశమంతటికీ ఉమ్మడి. ఒక్క రేకులో ఈస్టర్న్, సౌత్ ఈస్టర్న్, నార్తర్న్ అన్నీ కలిసే వచ్చేవి. నీ వ్యాగన్లన్నీ ఒకే పేరుతో ఉండకూడదు. ఇప్పటి 11 అంకెల నంబరు కూడా వాటి మీద వెయ్యకు, అది తర్వాత వచ్చిన పద్ధతి.

రంగు మరీ కొత్తగా వెయ్యకు. తలుపు అంచులు పారలు తగిలి తళతళలాడేవి. మరమ్మతుకి తీసిన వ్యాగన్ మీద మేము సుద్దముక్కతో ‘సిక్’ అని రాసేవాళ్లం. ఒక్కదాని మీదైనా అది రాయి, నా కోసం.

ఆదివారం ఎక్కడికీ వెళ్లకు. శనివారం సాయంత్రానికి ట్రంకు పెట్టె తీసుకుని నేనే వస్తాను. తాళం మళ్లీ బిగుసుకుపోయింది, కాస్త కొబ్బరినూనె సిద్ధంగా ఉంచు.

మీ మామయ్య